మంత్రిగారి ఇంటిపేరు, రెండో అక్షరం

మంత్రిగారి ఇంటిపేరు సరిగ్గా పలకడం ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కణ్ణి నేనే. ఆయనా నేనూ అయిదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆయన పలక నేను విరగ్గొట్టాను. నా బలపాలు ఆయన తినేశారు. నాయకత్వ లక్షణాలు అప్పుడే కనబడేవి.

అంతటి మహానుభావుడు మా కొత్త ఆసుపత్రిని స్వహస్తాలతో ప్రారంభిస్తారని ప్రకటన వెలువడింది. ఆసుపత్రి కట్టి అప్పటికే ఎనిమిది నెలలు. ఆరు గదులు, తెల్లటి గోడలు, ప్లాస్టిక్ కవరు విప్పని రెండు మంచాలు, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. మంత్రిగారు దాన్ని కత్తిరించేదాకా లోపలికి చీమ కూడా వెళ్ళకూడదు. అందుకని నర్సమ్మ బయట మెట్ల మీదే వైద్యం చేస్తోంది. మా ఆవిడ కాలి బొటనవేలికి పుండు. రోజూ అక్కడే కట్టు.

"బాబాయ్, ఈ దుమ్ములో కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే," అంది నర్సమ్మ. "లోపల ఆ కుళాయి కింద పది రోజులు శుభ్రంగా కడిగితే మానిపోతుంది. లేదంటే వేలు తీసెయ్యాల్సి వస్తుంది."

మా ఆవిడ నావైపు తిరిగింది. "నీ బెంచీ స్నేహితుడు ఎప్పుడొస్తాడయ్యా? నా వేలు ఉండగానా, ఊడాకనా?"

ఆయన రాకపోవడానికి కారణం గట్టిదే. రిబ్బను కత్తిరించే ముందు మంత్రిగారి పూర్తి పేరు మైకులో మూడుసార్లు ప్రకటించాలని రూలు. పైనుంచి వచ్చే కాగితాల్లో ఆ ఇంటిపేరు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకి సాగదీయడమూ తెలీదు, కుదించడమూ తెలీదు. రెండో అక్షరం సాగదీయాలని పార్టీ పెద్దలు. కుదించాలని యువజన విభాగం. సాగితే హుందాతనమట, కుదిస్తే చురుకుదనమట. ఈ సిద్ధాంత చర్చలో అప్పటికే మూడు కుర్చీలూ ఒక దవడా విరిగాయి. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. మా సంపాదకుడు పిల్లలు గలవాడు.

మైకువాడు నా దగ్గరికొచ్చి లబోదిబోమన్నాడు.

"పెద్దాయనా, సాగదీస్తే కుర్రాళ్ళు కొడతారు. కుదిస్తే పెద్దలు కొడతారు. సరిగ్గా అక్కడ దగ్గొచ్చిందనుకోండి?"

"అప్పుడు ఇద్దరూ కలిసి కొడతారు."

పార్టీలో ఐకమత్యం అలాగే వస్తుంది మరి.

ప్రారంభోత్సవం కోసం వేసిన ప్రత్యేకాధికారి చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. కమిటీ వేశారు. సంగీతం మాస్టారు, స్టాప్‌వాచీతో డ్రిల్లు మాస్టారు, ఏ విషయంలోనూ అభిప్రాయం లేని ఛైర్మన్. నలభై రోజులు నిద్రాహారాలు మాని, అంటే నిద్ర ఆఫీసులో, ఆహారం గెస్ట్‌హౌసులో కానిచ్చి, మధ్యంతర నివేదిక సమర్పించారు. మొదటి అక్షరం మైకు పలకాలి, రెండోదాని దగ్గర బ్యాండుమేళం మోగాలి, మూడోది మళ్ళీ మైకు. అద్భుతం! రిహార్సల్ రోజున డోలు కాస్త ఎక్కువసేపు మోగింది. సాగదీసిందని కుర్రాళ్ళు డోలు చించేశారు.

అప్పుడు నన్ను సాక్షిగా పిలిచారు.

"మీరు మంత్రిగారితో చదువుకున్నారట. బళ్ళో పంతులుగారు ఆయన్ని ఏమని పిలిచేవారు?" అన్నారు అధికారి.

గొంతు సవరించుకున్నాను. గది గదంతా ఊపిరి బిగబట్టింది.

"పందొమ్మిదీ అని."

"ఏమిటీ?"

"మా పంతులుగారికి పేర్లకి నోరు తిరిగేది కాదండి. హాజరు పట్టీలో నంబరుతో పిలిచేవారు. నేను ఇరవై."

"అయిదేళ్ళలో ఒక్కసారైనా ఆ ఇంటిపేరు చెవిన పడలేదా?"

"లేదండి. బలపాలు తినడం మాత్రం కళ్ళారా చూశాను."

అది రికార్డు చెయ్యలేదు.

"పోనీ, మంత్రిగారినే అడిగితే?" అన్నాను.

అధికారి లేచి వెళ్ళి తలుపు మూసొచ్చారు. "మెల్లగా మాట్లాడండి! ఆయనకీ తెలీదని తేలితే, అడిగినందుకు నా గతేం కాను?"

అక్షరం సంగతి తేలకపోయినా ఎట్టకేలకు ముహూర్తం కుదిరింది, మంత్రిగారు విచ్చేశారు. మెట్లకి కుడిపక్క పెద్దలు, ఎడమపక్క కుర్రాళ్ళు. మైకువాడు మొదటి అక్షరం పలికాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, గుడ్లు తేలేశాడు. మంత్రిగారు ఎండలో గంటన్నరసేపు చిరునవ్వు చెదరకుండా నిలబడ్డారు. ఆ సహనం ఇంకెవరికుంది? తర్వాత ఆ చిరునవ్వుతోనే మా ఆవిడ పక్క మెట్టు మీద దబ్బున కూలిపోయారు.

నర్సమ్మ నాడి పట్టుకుని, రెండో చేత్తో రిజిస్టరు తెరిచింది. "పేరు చెప్పండి. ఇంటిపేరుతో సహా."

మంత్రిగారు ఒక కన్ను తెరిచి కుడిపక్క తలలు లెక్కపెట్టారు. రెండో కన్ను తెరిచి ఎడమపక్క లెక్కపెట్టారు. "ప్రజలు ఎలాగంటే అలాగే తల్లీ."

"ఇవి ఎలక్షన్లు కావు బాబూ. నాడి జారిపోతోంది. పేరు!"

ఆయన బిక్కమొహం చూసి నాకు జాలేసింది.

"పందొమ్మిదీ!" అని కేకేశాను.

మంత్రిగారు ఠక్కున చెయ్యెత్తారు. "హాజరండీ!"

నర్సమ్మ ఆ అంకే రాసుకుంది. కట్లు కోసే కత్తెర తీసి, రిబ్బను కసుక్కున కత్తిరించింది. మంత్రిగారిని ఒక మంచం మీద పడుకోబెట్టారు. మా ఆవిడ కుళాయి కింద కాలు పెట్టుకుని, "అబ్బ, చల్లగా ఉందయ్యా," అంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ కత్తెర.

మంత్రిగారికి మెట్టు మీదే సెలైను ఎక్కించారు. లేచి కారెక్కి వెళ్ళిపోయారు. కమిటీకి గడువు పొడిగించారు. పాత రిబ్బను వెలిసిపోతే కొత్తది కట్టారు. మా ఆవిడకి ఇప్పుడు కాలివేళ్ళు తొమ్మిది. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోండి, మెట్ల మీదే ఉంటాం. వచ్చేటప్పుడు మీ చెంబుతో నీళ్ళు మీరే తెచ్చుకోండి.