ఆస్థాన సలహాదారుగారి వేటసంచి

మనుషులంతా పుట్టుకతో సమానులైతే కావచ్చు. తాతలతో మాత్రం కారు! ఈ సత్యాన్ని లోకానికి చాటే హక్కు మా ఓబర్‌గాంసెన్‌కే ఉంది. ఆల్ప్స్ కొండల్లో ఇంత చిన్న ఊళ్లో ఇంతమంది గొప్పవాళ్ల మనవలు ఇంకెక్కడా కనిపించరు.

మా ఊరి వేటగాళ్ల సంఘానికి అధ్యక్షులు లియోపోల్డ్ ట్రాట్నిగ్‌గారు. ఆయన బిరుదు ‘ఆస్థాన సలహాదారు’. ఆస్ట్రియాలో ఆస్థానం పోయి వందేళ్లు దాటింది. సలహాదారులు మాత్రం తగ్గలేదు! వారి శ్రీమతిని ‘సలహాదారిణిగారూ’ అనాలి. ఒకసారి కూరగాయల కొట్లో ఎవరో ఉత్త ‘ఎర్మెలిండేగారూ’ అన్నందుకు ఆవిడ క్యాబేజీ కొనకుండానే వెళ్లిపోయారు. నేను ఆ సంఘానికి కార్యదర్శిని, రిటైరైన పోస్టుమాస్టర్ని. మా ఊరి పోస్టాఫీసునే ఎత్తేశారు. అయినా ‘పోస్టుమాస్టరుగారూ’ అని పిలిస్తేనే పలుకుతాను.

సలహాదారుగారి తాత పూర్వం యువరాజుగారి అడవికి కావలిపెద్ద. ఆయన నిజాయితీకి మెచ్చి యువరాజుగారు స్వహస్తాలతో బహూకరించిన తోలు వేటసంచి వాళ్లింట్లో ఉంది. దూడతోలు, చేతికుట్టు, మూత మీద కొమ్ముల దుప్పి బొమ్మ. దాన్ని చూపించకుండా వాళ్లింట్లో కాఫీ ఇవ్వరు.

ఆ నిజాయితీపరుడి సాక్ష్యం మీదే మాంసం కొట్టు జెంజి వాళ్ల తాత జైలుకెళ్లాడు. యువరాజుగారి కొండమేకను దొంగతనంగా వేటాడాడని నేరం. ఆ రోజుల్లో దొంగవేటగాళ్ల తుపాకీ రెండు ముక్కలుగా ఊడేది. కర్రపిడి అతని గడ్డివాములో దొరికింది, గొట్టం దొరకలేదు. మనిషి దగ్గు పట్టుకుని జైలునుంచి తిరిగొచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. కర్రపిడిని మాత్రం మా సంఘం హాలు గోడకు తగిలించి, కింద ‘దొంగ ఆయుధం’ అని రాయించారు. దొంగవేటగాళ్ల సంతతికి సంఘంలో చోటు లేదని నియమం కూడా పెట్టారు. అందుకని ఏటా మా శరదృతు విందుకు దుప్పిమాంసం కూర వండేది జెంజి. పెరటి గుమ్మంలోంచి వచ్చి, గిన్నె దించి, పెరటి గుమ్మంలోంచే వెళ్లిపోయేదీ జెంజి. డెబ్భై ఏళ్ల ఆవిడ.

ఇలా ఉండగా సలహాదారుగారు సంచిని సంఘానికి దానం చేయ సంకల్పించారు. పరీక్షించి భద్రపరచడానికి గ్రాజ్ నగరం నుంచి తోలువస్తువుల నిపుణురాలు డాక్టర్ వెరోనికాను పిలిపించాం. హాల్లో బల్లమీద తెల్లగుడ్డ పరిచాం. పెద్దలంతా చేరారు. ఫలహారానికి సాసేజీలు తెచ్చిన జెంజి గుమ్మం దగ్గర నిలబడింది.

డాక్టరమ్మ సంచిని వాసన చూసింది.

“దీనికి ఏం పూస్తున్నారు?”

“ప్రతి పండక్కీ బాతుకొవ్వు! ఆపైన బూట్‌పాలిష్!” అన్నారు సలహాదారిణిగారు గర్వంగా.

“అమ్మా, దీన్ని కాపాడుతున్నారా, వేపుకుంటున్నారా?”

మెత్తటి కుంచెతో అలా తాకిందో లేదో, తెల్లగుడ్డ మీద ఎర్రటి పొడి రాలింది.

“తోలు పొడైపోతోంది. ఇక కొవ్వు వద్దు, ఎండ వద్దు, గోడకు తగిలించడం అసలే వద్దు. లోపల మెత్తటి కాగితం కూరి, పడుకోబెట్టి, మసక వెలుతుర్లో ఉంచాలి.”

“నాకు కూడా డాక్టర్లు ఇదే చెప్పారు,” అన్నారు సలహాదారుగారు.

ఆమె కాగితం కూరబోయి ఆగింది. బయట చూస్తే సంచి జానెడున్నర లోతు. లోపల చెయ్యి పెడితే జానెడే! భూతద్దం పెట్టి చూసింది. “కుట్టంతా నారదారం. అడుగున మాత్రం జంతువు నరం. తర్వాత ఎవరో మళ్లీ కుట్టారు. ఇది దొంగ అడుగు. విప్పమంటారా?”

సలహాదారుగారి కళ్లు మెరిశాయి. “యువరాజుగారి రహస్య కానుక! అందరూ లేచి నిలబడండి!”

లేచాం. టోపీలు తీశాం. పోలీసు ఇన్‌స్పెక్టర్ రూపెర్ట్‌గారు సెల్యూట్ కొట్టారు.

ముందు ఎండిపోయిన పంది ఉచ్చబుడ్డ బయటికొచ్చింది. “నెత్తురు దారిలో కారకుండా అస్తరు,” అంది డాక్టరమ్మ. తర్వాత కొండమేక వెంట్రుకలు. ఆ తర్వాత జిడ్డుగుడ్డలో చుట్టిన పొట్టి తుపాకీ గొట్టం.

సెల్యూట్ మెల్లగా దిగింది.

జెంజి ఎవరినీ అడగలేదు. గోడమీది కర్రపిడిని తీసుకొచ్చి గొట్టానికి పెట్టి తిప్పింది. అది బుద్ధిగా తిరిగి బిగుసుకుంది.

“మా తాతయ్య చచ్చేదాకా ఒకటే మాట అనేవాడట,” అంది. “గొట్టం ఎవడి దగ్గరుందో వాణ్ణి అడగండిరా అని.”

తుపాకీని బల్లమీద పెట్టి, సాసేజీల బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఫలహారం లేకుండానే సభ ముగిసింది.

సలహాదారుగారు మంచం పట్టారు. సంచిని మసక వెలుతుర్లో కాదు, కటిక చీకట్లో ఉంచమని కబురు పంపారు. సలహాదారిణిగారు కూరగాయల కొట్టుకు రావడం మానేశారు.

ఇంతలో వార్త నగరానికి పాకింది. బస్సులు రావడం మొదలైంది! ‘యువరాజు అడవిలోనే యువరాజును దోచిన వీరుడి సంచి ఇదేనా?’ అంటూ జనం దాన్ని బయటికి తీయించి, ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆ సాయంత్రమే సలహాదారుగారికి జ్వరం తగ్గింది.

“మా తాతగారు విప్లవకారులండీ!” అన్నారు నాతో. “పేదల ఆకలి చూడలేకపోయారు.”

“ఆ తెగువ మా వారి రక్తంలోనే ఉంది,” అన్నారు శ్రీమతి.

ఇక చూడాలి మా ఊరిని! మందుల షాపాయన తన తాత రెండు దుప్పుల్ని దొంగిలించాడని ప్రకటించాడు. అంతకంటే తక్కువ కాకూడదని బడి హెడ్మాస్టరు తన తాతకు ఒక ఎలుగుబంటిని అంటగట్టాడు. కొంతకాలానికి మా ఊళ్లో నిజాయితీపరుడి మనవడు మందుకైనా దొరకలేదు. సంఘం పాత నియమాన్ని కొట్టేసి కొత్తది రాసింది: విందులో పెద్దబల్ల దగ్గర దొంగవేటగాళ్ల వారసులకే చోటు.

విందు రోజున సంచి గాజుపెట్టెలో పడుకుని ఉంది. జెంజి కూరగిన్నె లోపలికి పంపించేసి, వడ్డన సగమయ్యాక వీధి గుమ్మంలోంచి వచ్చింది. పండగలకు కట్టే పట్టు ఏప్రను కట్టుకుంది. మా తలుపు ఆవిడకు వీధి వైపునుంచి తెరుచుకోవడం అదే మొదటిసారి.

సలహాదారుగారు చెంచా దించి, బరువైన గొంతుతో అన్నారు: “జెంజీ, మీ తాత నిర్దోషి. అది తేలింది మా సంచి వల్లనే! ఆ ఘనత మేం దాచుకోం.”

“సంతోషం. నా కుర్చీ ఏది?”

“అదే చెబుతున్నాను తల్లీ. ఆయన దొంగ కాదు కదా! నియమం నియమమే. నిర్దోషుల వారసులకు ఇక్కడ చోటెలా ఇస్తాం? పెరట్లో బల్ల వేయించమన్నాను.”

నేను కంచంలోకి చూసుకున్నాను. కార్యదర్శిగా ఆ నియమం కింద సంతకం నాదే.

జెంజి బల్లచుట్టూ ఒకసారి చూసింది. “కూర ఎలా ఉంది సలహాదారుగారూ?”

“అద్భుతం!”

“మీరు వేటకని కౌలుకు తీసుకున్న అడవిలో దుప్పే. మొన్న పొద్దున నేనే కాల్చాను. ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు కూర్చోవచ్చా?”

చెంచాలన్నీ గాల్లో ఆగిపోయాయి.

“దొంగతనం!” సలహాదారుగారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. వీరుడైన తాతగారి గాజుపెట్టెను ఆనుకునే నిలబడి అరిచారు. “నా అడవిలో! నా దుప్పి! ఇన్‌స్పెక్టరుగారూ, దీన్ని జైల్లో వేయండి!”

ఇన్‌స్పెక్టరుగారు మూతి తుడుచుకున్నారు. “వేస్తానండీ. సాక్ష్యం ఏది?”

“మీ కంచంలో ఉంది కదయ్యా!”

“ఇప్పుడు లేదండీ.”

సలహాదారుగారు వకీలుకు ఫోను చేయడానికి బయటికి పరుగెత్తారు. జెంజి నింపాదిగా వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది.

“పోస్టుమాస్టరుగారూ, ఆ గిన్నె ఇటు జరపండి. మా తాతయ్య తినని మాంసానికి జైలుకెళ్లాడు. నేను తినే వెళ్తాను.”