వెయిటింగ్ హాలుకు నెమ్మదైన పెద్ద చేపలు కావలెను

డాక్టరు గారి దగ్గర గంటల తరబడి కూర్చోబెడుతున్నారని విసుక్కునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అంత సుఖం ఇంకెక్కడ దొరుకుతుందండీ? ఇంట్లో కూర్చుంటే పని చెబుతారు. పార్కులో కూర్చుంటే దోమలు. డాక్టరు గారి హాల్లో అయితే ఏసీ, మెత్తటి కుర్చీ, పక్కన మనకంటే పెద్ద జబ్బుతో ఇంకో మనిషి! మనసుకు ఎంత ధైర్యం!

మా పెరంబూరులో డాక్టర్ మెయ్యప్పన్ గారు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. పది గంటలకు అపాయింట్‌మెంట్ ఇచ్చి ఒంటిగంటకు పిలుస్తారు. లోపల తొంభై సెకన్లు. కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే మన రోగం ఆయనకు తెలిసిపోతుంది. ఎంత అనుభవం ఉండాలి! ఆరేళ్ళుగా నా మోకాలు ఆయన చేతుల్లోనే ఉంది. నా ముఖం మాత్రం ఆయన ఇంకా చూడలేదు. నిజం చెప్పాలంటే, మోకాలు చూశారని కూడా ప్రమాణం చేయలేను.

మొన్న ఎండాకాలంలో ఆ హాల్లో ఆరడుగుల అక్వేరియం వెలిసింది. రిసెప్షన్‌లో కూర్చునే నిత్యకల్యాణి లేచి నిలబడి ప్రకటించింది.

"మీ బీపీ తగ్గాలని డాక్టర్ పెట్టించారు. ఏ చేపలు వేయాలో మీరే చెప్పాలట. చివరి కుర్చీలోవాళ్ళకు కూడా కనబడేంత పెద్దవి కావాలి. కొట్టుకోకూడదు. అన్నీ ఒకే నీళ్ళలో కలిసి ఉండాలి."

ప్రజాస్వామ్యమంటే ఇదీ! మా జబ్బుకు ఏ మందో మమ్మల్ని ఎవరూ అడగలేదు, చేపల్ని మాత్రం ఎంచుకోమన్నారు. అప్పటికప్పుడు కమిటీ ఏర్పడింది. మోకాలు తరఫున నేను. నడుము తరఫున ఆటో నడిపే సహాయరాజ్. షుగర్ తరఫున చెల్లమ్మాళ్. డెబ్బై దాటిన ఆవిణ్ణి మేమంతా 'పాట్టీ' అంటాం, అంటే అవ్వా అని.

కొళత్తూరు చేపల బజారు నుంచి అన్వర్ భాయ్ వచ్చి ఫోన్లో ఫొటోలు చూపించాడు.

"ఫ్లవర్‌హార్న్ వెయ్యి భాయ్" అన్నాడు సహాయరాజ్. "నుదుటి మీద అంత బుడిపె! మహా అదృష్టమంట."

"అదృష్టం దానికొక్కదానికే అన్నా. పక్కనున్నదాన్ని బతకనివ్వదు."

"పోనీ ఆస్కార్?"

"దాని నోట్లో పట్టేదంతా దానికి టిఫినే."

పాట్టి విసుక్కుంది. "ఇంతింత ఒళ్ళు పెంచుకుని కొట్లాటలేమిట్రా? తిని, తన మానాన తాను తిరిగే చేపే లేదా మీ కొళత్తూరులో?"

"ఎందుకు లేదు పాట్టీ! సిల్వర్ డాలర్. అరచెయ్యంత పెరుగుతుంది. ఆకులు తింటుంది. ఒంటరిగా ఉంటే బెదురుతుంది, ఆరింటిని కలిపి వేయాలి."

"శాకాహారమా!" పాట్టి ఓటు పడిపోయింది. వాటికి తోడుగా రెండు సెవరం చేపలు. బంగారు రంగువి, బొద్దుగా, రిటైరైన హెడ్మాస్టర్లలా నింపాదిగా ఉంటాయట. ఈ చర్చలకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో "పన్నెండున్నరయింది, నా నంబరు ఎప్పుడు?" అని ఒక్కరు అడిగితే ఒట్టు!

చేపలొచ్చాయి. సిల్వర్ డాలర్లు రెండు రోజుల్లో డాక్టరు గారు నాటించిన ఖరీదైన మొక్కలన్నీ మొదలంటా తినేశాయి. అయితేనేం, పక్క చేపను తినలేదుగా!

నెల తిరక్కుండా పెద్ద సెవరానికి ఒంట్లో బాగాలేదు. మేత మానేసి, రెక్కలు ముడుచుకుని ఓ మూల నక్కింది. నిత్యకల్యాణి ఫోన్ చేసింది. అన్వర్ భాయ్ ఇరవై నిమిషాల్లో వచ్చాడు. అపాయింట్‌మెంట్ లేకుండా!

నేల మీద గొంతుక్కూర్చుని, పావుగంట సేపు దాన్నే చూశాడు. ఏమీ ముట్టుకోలేదు. మొప్పలెలా ఆడుతున్నాయో చూశాడు. ఆ తర్వాత మావైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది? ఏం తింది? ఇంకేదన్నా చేప దీన్ని తరిమిందా?"

 చివరికి పాట్టి ఒప్పుకుంది. "బిస్కెట్ ముక్కలు వేశానయ్యా. నేను తింటుంటే నా వంకే చూసింది."

"నేనూ వేశాను" అన్నాడు సహాయరాజ్. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"నీళ్ళు పాడయ్యాయి, అంతే. భయం లేదు" అంటూ నీళ్ళు తోడే ట్యూబు తీయడానికి సంచీ వైపు వంగిన అన్వర్ భాయ్ అలాగే ఆగిపోయాడు. అతని ముఖం పాట్టి పాదాల ఎత్తులో ఉంది.

"పాట్టీ, ఈ మడమ అంచున నల్లగా ఏమిటిది?"

"ఏమో నాయనా. మంటగా ఉందని నాలుగు నెలలుగా చెబుతూనే ఉన్నాను. ప్రతిసారీ మాత్రలు రాస్తున్నారు."

"చెప్పు తీసి చూపించారా?"

"చూపించే లోపల బెల్లు కొట్టేస్తారు."

అన్వర్ భాయ్ చేతులు తుడుచుకుని, నంబరు కోసం ఆగకుండా తలుపు తోశాడు. "సార్, చేప సంగతి తర్వాత. ముందొకసారి బయటికి వచ్చి ఈమె కాలు చూడండి. చూసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

డాక్టరు గారు బయటికొచ్చారు. వంగారు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ పాదాన్ని చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. అరగంటలో పాట్టి సహాయరాజ్ ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. పుండు లోపలిదాకా దిగిందట. ఇంకో వారం ఆలస్యమైతే పాదమే తీసేసేవాళ్ళమన్నారట అక్కడి సర్జన్. కోసి, శుభ్రం చేసి, కాలు నిలబెట్టారు.

మర్నాడు అన్వర్ భాయ్ పిలవకుండానే వచ్చాడు, సెవరం ఎలా ఉందో చూడ్డానికి. అది మేత తింటోంది. పాట్టి ఎలా ఉందో కూడా అతనే అడిగాడు.

ఇప్పుడు డాక్టరు గారు మారిపోయారు! రోగులకు ఇంకా మంచి సేవ అందించాలని రెండో అక్వేరియం తెప్పించారు. నిరీక్షణ మరో గంట పెరిగింది. మళ్ళీ కమిటీ కూర్చుంది. కాలికి పెద్ద కట్టుతో పాట్టి కూడా వచ్చింది.

"ఈసారి ఎలాంటివి కావాలి?" అన్నాడు అన్వర్ భాయ్.

"పెద్దవి, నెమ్మదైనవి" అన్నాను నేను. "కానీ ఒంట్లో సత్తువ ఉండకూడదు. మాటిమాటికీ జబ్బు పడాలి."

"అదేం కోరిక సార్! డిస్కస్ అని ఉంది. పళ్ళెమంత ఉంటుంది, మహా సాధువు. కానీ నీళ్ళలో రవ్వంత తేడా వచ్చినా మంచం ఎక్కేస్తుంది. దానికోసం నేను రోజు విడిచి రోజు ఇక్కడికి రావాలి!"

అందరం ఒక్కసారిగా చేతులెత్తాం. పాట్టి రెండు చేతులూ ఎత్తింది.