ఫోన్ల క్యాంపు

మా నియోజకవర్గానికి ప్రజాస్వామ్యం వచ్చిందని పార్టీ వారు ఆటోకు మైకు కట్టి ఊరూరా చెప్పారు. మరి ఇంతవరకూ ఉన్నదేమిటని ఎవరూ అడగలేదు. ఓర్వకల్లు వైపు పల్లెల్లో ఆ ఎండకు ప్రశ్నలు వేసే ఓపిక ఎవరికీ ఉండదు, అందులో మా ఎర్రబండ వాళ్లకు అసలే ఉండదు.

సంగతేమిటంటే, మా ఎమ్మెల్యే గారు కాలం చేశారు. ఉప ఎన్నిక వచ్చిపడింది. అభ్యర్థి ఎవరో ఎప్పటిలా తన ఇంటి హాల్లో కూర్చుని తేల్చకుండా, ఈసారి ఆ భారాన్ని పార్టీ సభ్యుల మీదే పెడుతున్నట్టు సీమ సౌభాగ్య పార్టీ అధినేత గారు ప్రకటించారు. ఈ గొప్ప ఆలోచన వారి అల్లుడు గారిది. ఆయన కొన్నాళ్లు నైజీరియాలో వ్యాపారం చేసి వచ్చారు. అక్కడ రాష్ట్ర గవర్నరు పదవికి నిలబడాలన్నా ముందు సొంత పార్టీలో పోటీ చేసి గెలవాలని, ఆ పోటీలో ఓటేసే ప్రతినిధులకు జరిగే మర్యాదలు అల్లుడి మర్యాదలకు ఏమాత్రం తీసిపోవని ఆయన మామగారికి వివరించారు. అంత దూరాన జరిగేది రాయలసీమలో ఎందుకు జరగకూడదని అధినేత గారికి పట్టుదల పుట్టింది.

పద్ధతి చాలా సులువు. వారం లోపల ఎప్పుడో ఒకప్పుడు సభ్యుల ఫోన్లకు ఒక ఆడగొంతు పలుకుతుంది. భూపేష్ గారు కావాలంటే ఒకటి నొక్కాలి, శ్రీకాంత్ గారు కావాలంటే రెండు నొక్కాలి. ఇద్దరూ వద్దనుకునేవారికి అంకె ఇవ్వలేదు. ఫోనులో అంకెలకు కరువు లేదు గానీ పార్టీ క్రమశిక్షణ ఒప్పుకోలేదు.

భూపేష్ గారికి కంకర క్రషర్లు ఉన్నాయి. మా గుట్టలు ఊరికే ఎండకు ఎండిపోతుంటే చూడలేక, వాటిని పిండి చేసి పుణ్యం కట్టుకుంటున్న మనిషి. శ్రీకాంత్ గారు విమానాశ్రయం చుట్టుపక్కల బీళ్లలో హద్దురాళ్లు పాతి, ఆ రాళ్ల మధ్య ఖాళీకి ఇంగ్లీషు పేర్లు పెట్టి అమ్ముతారు. ఇద్దరూ బావా బావమరుదులు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటారు, మైకు దొరికితే ఒకరి పుట్టుకను ఒకరు అనుమానిస్తారు. ఇంతటివాళ్లు ఇద్దరు ఒకే చోట పుట్టడం మా అదృష్టమే అనుకోవాలి.

సభ్యత్వ నమోదు ఒక్క పూటలో ముగిసింది. ఎర్రబండలో ఫోనున్న ప్రతి మనిషీ పార్టీ సభ్యుడైపోయాడు. అడిగి చేర్చారా అడక్కుండా చేర్చారా అన్నది పార్టీ అంతర్గత వ్యవహారం కనుక మనం తలదూర్చకూడదు.

ఇక క్యాంపు సంగతి. ఓటున్నవాళ్లను తీసుకుపోయి లాడ్జీల్లో దాచిపెట్టడం మనకు కొత్త కాదు. అందులో ఉన్న చిక్కులూ మీకు తెలుసు. మనిషన్నవాడు తాగుతాడు, వాంతి చేసుకుంటాడు, బిర్యానీలో ముక్కలు తక్కువయ్యాయని అలుగుతాడు, పెళ్లాం గుర్తొచ్చి గోడ దూకుతాడు. అన్నిటికీ మించి, తిన్నంత తిని మనసు మార్చుకుంటాడు. భూపేష్ గారు ఈ బాధలన్నీ పడినవారు కాబట్టి బాగా ఆలోచించి ఒక విషయం కనిపెట్టారు. ఈసారి ఓటేసేది ఫోను. అలాంటప్పుడు మనిషితో పనేముంది?

మర్నాడు ఆయన టిప్పర్లు ఊళ్లోకి వచ్చాయి. ఉల్లిగడ్డల గోతాల్లో ఫోన్లు నింపుకున్నారు. ఫోను ఇచ్చిన ఇంటికల్లా ఒక కుక్కరు ఇచ్చారు. ఒకటి నొక్కే పనికి కొందరు కార్యకర్తలను నియమించి, ఫోన్లను కడప దాటించి ఒంటిమిట్టలో ఒక సత్రంలో దించారు. మొదట కోదండరాముడి ఎదుట ఫోన్ల చేత ప్రమాణం చేయించాలనుకున్నారు గానీ, గుడిలోకి ఫోన్లు తీసుకుపోకూడదని బోర్డు ఉంది. ప్రమాణం బయటే గాలిగోపురం వైపు తిప్పి చేయించారు. శ్రీకాంత్ గారు తక్కువ తినలేదు. ఇంకో నాలుగు ఊళ్ల ఫోన్లు పట్టుకుపోయి రాజంపేటలో ఏసీ లాడ్జిలో పెట్టారు. ఆ ఊళ్లలో ముసలివాళ్లు ఫ్యాను కింద కూడా పడుకోలేదు, వాళ్ల ఫోన్లు మాత్రం దుప్పటి కప్పుకోవాల్సినంత చల్లగా ఉన్నాయి.

ఒకటి నొక్కడం తప్ప మరేమీ చేయకూడదని భూపేష్ గారి మనుషులకు ఆజ్ఞ. వాళ్లు ఆజ్ఞ పాటించారు. ఏ ఫోను ఏ కారణంగా మోగినా ఒకటి నొక్కారు. బ్యాంకు వాళ్లు అప్పు కావాలా అంటే ఒకటి, పాట పెట్టుకుంటారా అంటే ఒకటి. ప్రభుత్వం వారు ఫోను చేసి, మీ ఊరికి తాగునీరు సక్రమంగా అందుతోందా, అందితే ఒకటి, అందకపోతే రెండు నొక్కండి అన్నప్పుడు కూడా ఒకటే. దాంతో వారానికొకసారి ట్యాంకరు వచ్చే మా ఊరు నీటి విషయంలో సంపూర్ణ తృప్తి సాధించిన గ్రామంగా నమోదై, ఆ ట్యాంకరు కూడా ఆగిపోయింది. శ్రీకాంత్ గారి క్యాంపులో అన్నిటికీ రెండు నొక్కారు. నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లకు రెండో ట్యాంకరు పోతోంది. ప్రజాభిప్రాయానికి విలువ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంతవరకూ అందరికీ బాగానే ఉంది. ఒక్క పెద్ద ఈరన్న కూతురు శివలీలకే ఇబ్బంది వచ్చింది.

పెద్ద ఈరన్నకు కాస్త వాన చేను ఉంది. అది తిండి పెట్టదు కాబట్టి మొగుడూ పెళ్లాలు కూలికి పోతారు. శివలీల ఉల్లి కోతలకు పోతూనే ఇంటరు చదివింది. కర్నూలులో నర్సింగు సీటు వచ్చినట్టు జాబితాలో పేరు పడింది. ఆ సీటు తనకు కావాలని గడువు లోపల కంప్యూటరులో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది తనేనని నమ్మించడానికి ఫోనుకొచ్చే ఓటీపీ కొట్టాలి. గడువు దాటితే సీటు తర్వాతి పిల్లకు పోతుంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. కూతురు చేనికి పోయిన సమయంలో ఈరన్న దాన్ని భూపేష్ గారి గోతాంలో వేసి వచ్చాడు. కుక్కరుకు ఓటీపీ వస్తుందా అని శివలీల తల్లి సుంకులమ్మ మొగుణ్ని అడిగింది.

నంబరు మార్చుకోవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. శివలీలకూ తోచింది. నంబరు మార్చాలంటే పాత నంబరుకు ఓటీపీ వస్తుంది.

గడువుకు ముందు రోజు ఆ పిల్ల ఓర్వకల్లు పోయి, కంప్యూటరులో ఓటీపీ పంపమని నొక్కించి, బస్టాండులో టీ హోటలాయన ఫోను అడిగి తన నంబరుకే ఫోను చేసింది. అవతల ఎత్తినవాడు ఓబుళేశు. భూపేష్ గారి టిప్పరు డ్రైవరు, మంచివాడు, ఫోన్లకు వేళకు ఛార్జింగు పెట్టి బిడ్డల మాదిరి చూసుకుంటున్నవాడు.

"అన్నా, ఆ ఫోనుకు ఓటీపీ వచ్చిండాది. ఆ అంకెలేంటివో చెప్పన్నా."

"వచ్చిండాది పాపా, చూస్తాండా. ఎవరికీ చెప్పొద్దని దాంట్లోనే రాసినారు గదా. నేనెట్ల చెప్పేది?"

ఆ ఫోను తనదేనని శివలీల చెప్పింది. ఎవరికీ అంటే ఎవరికీ అని, యజమానికి చెప్పవచ్చని దాంట్లో రాయలేదని ఓబుళేశు చెప్పాడు. చదువుకున్న పిల్లవు, నీకు తెలియనిదా అని కూడా అన్నాడు. అధికార రహస్యాలు కాపాడటంలో ఇంత నిష్ఠ ఉన్నవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

తెల్లారి తండ్రీ కూతుళ్లు బస్సెక్కారు. బస్సులు మారి ఒంటిమిట్ట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సత్రంలో ఓబుళేశు ఏడుపు ముఖంతో కూర్చుని ఉన్నాడు. ఆ పొద్దున్నే ఒక గోతాం ఫోన్లు శ్రీకాంత్ గారి వర్గంలోకి ఫిరాయించాయి. కాపలావాడే మోసుకుపోయాడు గానీ, ఫోన్లు ఆత్మప్రబోధం మేరకు పార్టీ భవిష్యత్తు కోసం వచ్చాయని శ్రీకాంత్ గారు అప్పటికే పత్రికలవారికి చెప్పేశారు. ఆ గోతాంలోనే శివలీల ఫోనూ ఉంది.

రాజంపేట ఎంతో దూరం లేదు. ఆటో పట్టుకుని వాళ్లు లాడ్జి దగ్గర దిగేసరికి నాలుగు దాటింది. సాయంత్రం ఐదింటికి గడువు. అదృష్టవశాత్తూ లాడ్జి ఎదురుగానే నెట్ సెంటరు ఉంది. శివలీల అక్కడ తన పేజీ తెరిపించి, నాయనను కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాటింది. నెట్ సెంటరు అబ్బాయి ఓటీపీ పంపమని నొక్కాడు.

లాడ్జి ముందు షామియానా వేసి ఉంది. ఎన్నిక సజావుగా జరుగుతోందో లేదో చూడటానికి పార్టీ రాష్ట్ర పరిశీలకులు మహానంది గారు వచ్చారు. ఫిరాయించిన ఫోన్లను బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదానికీ పార్టీ రంగు రిబ్బను కట్టి, ఆయన చేత ఆహ్వానం పలికిస్తున్నారు. శివలీల జనాన్ని తోసుకుంటూ పోయి తన ఫోను చూపించి, అది తనదేనని, ఒక్కసారి ఇస్తే చాలని అడిగింది. ఊరేదని మహానంది గారు అడిగారు. ఎర్రబండ అంది. ఎర్రబండ నుంచి ఒక ఆడపిల్ల ఫోను కోసం ఇంత దూరం వచ్చిందా అని ఆయన కళ్లు చెమర్చాయి. కార్యకర్త ఒకడు ఆమె చేతికివ్వబోయిన ఫోనును తన చేతిలోకి తీసుకుని మైకు ముందుకు పోయారు.

"సోదర సోదరీమణులారా, ఈ చెల్లెమ్మను చూడండి. తన ఓటు తానే వేసుకోవాలని కర్నూలు జిల్లా నుంచి కడప జిల్లా దాటి వచ్చిన వీరనారి. ఆడపిల్ల చదువుకోవాలి, ఆడపిల్ల ఎదగాలి అన్నదే మన అధినేత గారి ఊపిరి. ఈ చేతిలో ఉన్నది ఫోను కాదు, మహిళల భవిష్యత్తు."

భవిష్యత్తును ఆయన తల మీదికి ఎత్తి, తెర జనం వైపు తిప్పి పట్టుకున్నారు. అప్పుడే అది టింగుమని వెలిగింది. శివలీల ఆయన వెనక నిలబడి ఉంది.

"సార్, మెసేజీ వచ్చిండాది. ఒక్కసారి ఇట్లీయండి సార్. నా చదువు పోతాంది."

ఒక్క నిమిషం తల్లీ అని ఆయన చెవిలో చెప్పి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటం కొనసాగించారు. ఆయన వక్త. ఇతిహాసాల నుంచి మొదలుపెట్టి అంతరిక్షం దాకా పోతే గాని దిగలేరు. ఉండబట్టలేక శివలీల మునివేళ్ల మీద లేచి ఆయన చేయి అందుకుంది. ఫోటోగ్రాఫర్లు అది చూసి ఉత్సాహపడి, అలాగే ఉండమని కేకలు వేశారు. జనం చప్పట్లు కొట్టారు. రోడ్డు అవతల నుంచి పెద్ద ఈరన్న, పాపా అంకె చెప్పు, పాపా అంకె చెప్పు అని అరుస్తూనే ఉన్నాడు. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. మహానంది గారు ప్రసంగం ముగించి ఫోనును శాలువాతో సహా ఆమె చేతిలో పెట్టేసరికి ఐదు దాటింది.

తర్వాతి కథ మామూలే. గెలిచామని ఇద్దరు బావమరుదులూ టపాసులు కాల్చారు. అధినేత గారు సీలు కవరు విప్పి, ప్రజల నాడి తనకు స్పష్టంగా అందిందని, ఆ నాడి తన కుమార్తె హర్షిణి పేరు చెబుతోందని ప్రకటించారు. ఇద్దరికీ చెరో పదవి ఇస్తామనగానే వాళ్లు ప్రజా తీర్పును శిరసావహించారు. మా ఫోన్లు గోతాల్లో తిరిగొచ్చాయి.

శివలీల ఇప్పుడు కోతలకు పోతోంది. సీటు ఎవరో తర్వాతి పిల్లకు పోయింది. వచ్చే ఏడు మళ్లీ చూస్తానంటుంది గానీ, ఆ మాట అనేటప్పుడు మన ముఖం చూడదు. ఎండలో ఆ పిల్ల వంగి ఉల్లిగడ్డలు కోస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లో వాళ్లకు మాత్రం గర్వంగా ఉంది. వాళ్ల పిల్ల ఫోటో రాష్ట్రమంతా తిరిగింది మరి.

ఆ ఫోటో మీకూ వచ్చే ఉంటుంది. ఒక పెద్దాయన ఫోను పైకెత్తి పట్టుకుంటే, పక్కన ఒక సన్నటి పిల్ల ఆయన చేయి పట్టుకుని నిలబడి ఉంటుంది, కింద 'మేలుకున్న మహిళ' అని రాసి ఉంటుంది. ఫోటో చాలా బాగా వచ్చింది. కాస్త పెద్దది చేసి చూస్తే ఆ ఫోను తెర మీద ఆరు అంకెలు తేటగా కనబడతాయి. మీరు దానికి దండం బొమ్మలు రెండు పెట్టి, పది మందికి పంపారు.