ఒక ముంగిస దినచర్య

ఆ రోజు పొద్దున్న పిట్ట వేసుకున్న పథకం చాలా చిన్నది. డిపార్టుమెంటు వెనక పొదల్లో పెట్టిన బోనులో ముంగిస పడి ఉంటుంది. దాని మెడకు ఆచూకీ చెప్పే పట్టీ తగిలించాలి. వదిలెయ్యాలి. క్యాంటీనుకు వెళ్ళి టీ తాగాలి. ఆ తరువాత సెమిస్టరు చివరిదాకా గదిలో కూర్చుని, ముంగిస ఎక్కడెక్కడ తిరుగుతోందో కంప్యూటరులో చూసుకుంటే ప్రాజెక్టు అయిపోయినట్టే. ప్రకృతి పరిరక్షణలో ఎమ్మెస్సీ చదివేవాళ్ళకు ప్రకృతి దగ్గరికి వెళ్ళే అవకాశం ఇంతకంటే ఎక్కువ రాదు.

పిట్ట అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు. చిన్నప్పుడు అన్నం తినమంటే కిటికీలోంచి పిట్టల్ని చూస్తూ కూర్చునేది. మనిషీ పిట్టంతే ఉండేది. ఆ పేరే నిలిచిపోయింది. ఈ కోర్సులో చేరతానన్నప్పుడు బాబాయి ఒక్కటే ప్రశ్న అడిగాడు, చదివాక ఏమవుతావని. బాబాయికి సిమెంటు, ఇనుము కొట్టు ఉంది కాబట్టి ఏ వస్తువైనా చివరికి ఏమవుతుందో తెలుసుకోకుండా ఆయన ముట్టుకోడు.

దానికి జవాబు డిపార్టుమెంటువాళ్ళ రంగుల కరపత్రంలో ఉంది. పరిశోధకులు కావచ్చు, అభయారణ్యాల్లో అధికారులు కావచ్చు, పర్యావరణ సలహాదారులు కావచ్చు. ఆ కరపత్రం మీద బైనాక్యులర్స్ పట్టుకుని నవ్వుతున్న కుర్రాడు ప్రస్తుతం వాటర్ ఫిల్టర్లు అమ్ముతున్నాడు. సలహాదారు అయిన సీనియరు ఒకడున్న మాట మాత్రం నిజం. క్వారీ తవ్వబోయే చోట పక్షులు లేవని నివేదికలు రాయడం అతని పని. ఏసీ గదిలో కూర్చుని రాస్తాడు కాబట్టి అతనికి నిజంగానే ఒక్క పక్షీ కనబడదు.

అందుకని ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. చదువు పూర్తయ్యేలోగా ఈ రంగంలో ఉద్యోగం దొరికితే సరేసరి. లేకపోతే మరుసటి సోమవారం నుంచి పిట్ట బాబాయి కొట్లో కూర్చుని బిల్లులు కొట్టాలి. ఊరి చివర చిత్తడి నేలను కాపాడే సంస్థ ఒకటి ఏటా ఒక్కరిని ఉద్యోగంలోకి తీసుకుంటుంది. ఆ సంస్థ నడిపే పెద్దావిడ స్వయంగా వచ్చి విద్యార్థుల ప్రాజెక్టులు చూసి ఎంచుకుంటారు. పిట్టకు ఆ ఉద్యోగం కావాలి. తలుచుకుంటే తిండి సయించనంతగా కావాలి.

ఆమె ప్రాజెక్టుకు గైడు ప్రొఫెసరు గారు. అడవుల్లో తిరిగేవాళ్ళు వేసుకునే, ఒంటినిండా జేబులున్న చేతుల్లేని కోటు ఒకటి ఆయనకుంది. క్లాసుకు అదే, బ్యాంకుకు అదే, బంధువుల ఇళ్ళకూ అదే. అడవికి మాత్రం అది ఎప్పుడూ వెళ్ళలేదు, ఆయన వెళ్ళలేదు కనుక. ఏ జేబులో ఏముందో ఆయనకే తెలియదు. ఏదైనా వస్తువు ఆ కోటులోకి వెళ్ళిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవలసిందే.

ముంగిస బోనులో పడింది. ఎడమ చెవి కొన తెగి ఉంది, కళ్ళల్లో కోపం ఉంది. పిట్ట లావుపాటి గ్లవ్స్ వేసుకుని దాన్ని పట్టుకుని మెడకు పట్టీ పెట్టి బకిల్ బిగించబోతుండగా ప్రొఫెసరు గారు వచ్చారు. విశ్వవిద్యాలయ పత్రిక కోసం ఆయనకు ముంగిసతో ఒక ఫొటో కావలసి వచ్చింది.

"ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను. నువ్వు ఫొటో తియ్యి."

"గ్లవ్స్ వేసుకోండి సార్."

"అక్కర్లేదమ్మా. జంతువులకి మనుషుల మనసు తెలుస్తుంది. భయపడేవాళ్ళనే కరుస్తాయి."

ముంగిస అలాంటి తేడాలేమీ చూడకుండా ఆయన బొటనవేలు కరిచింది. కరిచి, కోటులో దూరి, వీపు మీదుగా పాకి, చంకలోంచి బయటపడి, పొదల్లో మాయమైపోయింది. ఫొటోలో ప్రొఫెసరు గారి తెరిచిన నోరు ఒక్కటే స్పష్టంగా పడింది. ముంగిస వెళ్ళిపోయింది గానీ పట్టీ వెళ్ళలేదు. బిగించని పట్టీ మెడలోంచి జారి కోటు జేబుల్లో ఒకదాంట్లో పడిపోయింది. ఆ సంగతి ముంగిసకు తప్ప ఎవరికీ తెలియదు, అది చెప్పే స్థితిలో లేదు.

మర్నాడు కంప్యూటరులో ముంగిస జాడ చూపే ఎర్రచుక్క సరిగ్గా ప్రొఫెసరు గారి గదిలో కనబడింది. పిట్ట పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పింది. బీరువాలు జరిపారు, కర్టెన్లు విప్పారు, ముంగిస కనబడలేదు. మధ్యాహ్నం చుక్క క్యాంటీనుకు మారింది. వంటగదిలో అడవిజంతువు ఉందన్న కబురు అందగానే విశ్వవిద్యాలయం క్యాంటీను మూయించి సోదా చేయించింది. ముంగిస దొరకలేదు. ఎలుకలు మాత్రం దండిగా దొరికాయి, దాంతో క్యాంటీను మళ్ళీ తెరుచుకోలేదు. హాస్టలు పిల్లలంతా పిట్ట కనబడితే పళ్ళు నూరడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి చుక్క ప్రొఫెసరు గారి ఇంటికి చేరింది. ఆయన భార్య అటక మీద సామానంతా దింపించి, ముంగిస లేదని తేలాక, మళ్ళీ ఎక్కించే పని ఆయనకే అప్పజెప్పారు. ఇంకొకరైతే ఈపాటికి చుక్కను అనుమానించేవారు. పిట్ట అనుమానించింది కూడా. పట్టీ ఊడిపోయి ఎవరి బండిలోనో పడి ఉంటుందేమోనని భయపడుతూనే సార్ చెవిన వేసింది. టీ తాగినంత సేపట్లో ఆ ముంగిస ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళిందని, ముంగిసలు అంత జోరుగా వెళ్ళవని చెప్పింది.

"నేనూ అదే టైముకి కారులో అటే వెళ్ళానమ్మా. నాకేం జోరుగా అనిపించలేదే" అన్నారాయన.

పరికరాన్ని అనుమానిస్తే సైన్సే లేదని కూడా అన్నారు. నిజానికి ఆయనకు అప్పటికే వేరే సిద్ధాంతం తయారైంది. తను ఎక్కడ వెతకడానికి వెళ్తే ముంగిస సరిగ్గా అక్కడే ఉంటోంది. అంటే అది తనను అనుసరిస్తోంది. కరిచిన క్షణంలోనే వాళ్ళిద్దరి మధ్య ఏదో బంధం ఏర్పడింది. అడవిజంతువుకు పరిశోధకుడి మీద కలిగే నమ్మకం గురించి ఆయన ఒక పత్రం రాయడం కూడా మొదలుపెట్టారు. పిట్ట నోరు మూసుకుంది. ప్రాజెక్టు మీద సంతకం పెట్టవలసినవారు ఆయన.

ఆ తరువాత చుక్క బాబాయి కొట్లో తేలింది. ఒకసారి కాదు, మాటిమాటికీ. ముంగిస గోడౌన్లో దూరి సంచులు కొరుకుతుందేమోనని పిట్టే భయపడి బాబాయికి ఫోన్ చేసింది. చేసి ఉండకూడదు. బాబాయి గోడౌన్లోని సిమెంటు సంచులన్నీ బయటికి మోయించాడు. ఈ ఒక్క సోదాకు మాత్రం ప్రొఫెసరు గారు రాలేదు, సిమెంటు దుమ్ము తనకు పడదన్నారు. ముంగిస జాడ లేదు గానీ, సంచులన్నీ ఆరుబయట ఉన్న సమయం చూసుకుని వాన వచ్చింది.

"ఇన్నాళ్ళూ నీ చదువు దండగనుకున్నాను పిట్టా. దండగ కాదు, నష్టం" అన్నాడు బాబాయి, గట్టిపడిన సంచి మీద కూర్చుని. "చదువు అయిపోగానే సోమవారం పొద్దున్నే వచ్చెయ్. ముందు ఈ రాళ్ళు ఎవరికి అమ్మాలో ఆలోచించు."

పిట్టకు ఏడుపొచ్చింది. అయితే ఆ కష్టకాలంలోనే ఒక మంచి విషయం బయటపడింది. మధ్యాహ్నాలు ఆ చుక్క ఊరి చివర చిత్తడి నేల దాకా వెళ్ళి, ఒడ్డున ఒకే చోట గంటల తరబడి ఉంటోంది. ఊళ్ళో పుట్టిపెరిగిన ముంగిస తన అసలు చోటును వెతుక్కుంటూ వెళ్తోంది. సంస్థ పెద్దావిడకు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ చోటు చూసి వస్తానని ప్రొఫెసరు గారి గదికి పరిగెత్తింది.

ఆయనకు పొలమారింది. మంచినీళ్ళు తాగి, మనిషి వాసన తగిలితే ముంగిస బెదిరిపోతుందని, అటువైపు ఎవరూ అడుగు పెట్టకూడదని అన్నారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఆయన చెప్పవలసిన 'పరిరక్షణ నీతి' క్లాసు జరగడం లేదు. ఫీల్డ్ వర్క్ అని తలుపు మీద కాగితం ఉంటోంది.

"ఒడ్డున ఉన్న ఆ చుక్కలు తీసెయ్" అన్నారు చివరికి. "సిగ్నల్ పొరపాటు అయ్యుంటుంది."

పరికరాన్ని అనుమానిస్తే సైన్సే లేదన్న మనిషి ఆయనే. పిట్ట సరే సార్ అంది. కానీ గదికి వెళ్ళి ఎంతసేపు కూర్చున్నా తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. అవి తీసేస్తే మిగిలేది క్యాంటీను, అటక, సిమెంటు కొట్టు. వాటితో ఉద్యోగం రాదు. పైగా కనబడ్డ చుక్కను కనబడలేదని రాస్తే, ఏసీ గదిలో కూర్చున్న ఆ సీనియరుకూ తనకూ తేడా ఏముంది? చుక్కలన్నీ ఉంచేసింది.

ప్రాజెక్టులు చూపించే రోజు హాలు నిండింది. ముందు వరసలో వైస్ ఛాన్సలర్ గారు, పక్కన పెద్దావిడ, ఆ పక్కన జేబుల కోటులో ప్రొఫెసరు గారు. వెనక వరసలో బాబాయి. పిట్టను వ్యానులో దింపడానికి వచ్చాడు. ఉద్యోగం రాకపోతే సోమవారం దాకా ఆగడమెందుకు, ఇటునుంచి ఇటే కొట్టుకు తీసుకుపోవచ్చునని కూర్చున్నాడు.

పిట్ట తెర మీద మ్యాపు వేసి, ముంగిస దినచర్య వివరించింది. పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"అయితే ఈ ముంగిస పొద్దున్న కాలేజీకి వస్తుంది. భోజనం చేసి సిమెంటు కొట్టుకి వెళ్తుంది. అక్కణ్ణుంచి చిత్తడి నేలకి. సెలవు రోజుల్లో ఆలస్యంగా లేస్తుంది. అంతేనా అమ్మా?"

"అవును మేడమ్."

"కారుందా దానికి?"

హాలంతా నవ్వింది. ఇన్నాళ్ళూ పిట్ట అడగాలనుకుని మింగేసిన ప్రశ్నను ఈవిడ ఒక్క మాటలో అడిగేశారు. వెనక వరసలో బాబాయి వ్యాను తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఇప్పుడెక్కడుందని అడిగారు. పిట్ట మీట నొక్కింది. ఎర్రచుక్క ఆ హాలులోనే, ముందు వరసలోనే వెలిగింది. వైస్ ఛాన్సలర్ గారు కుర్చీ ఎక్కేశారు. ఆయన ఎక్కాక మిగతావాళ్ళు మొహమాటపడలేదు.

నేల మీద మిగిలింది ముగ్గురు. పెద్దావిడ, పిట్ట, ప్రొఫెసరు గారు. ముంగిస తన కోసం వచ్చిందన్న సంతోషంతో ఆయన కుర్చీ కిందికి వంగి ఆప్యాయంగా వెతుకుతున్నారు. ఆ రోజు చూపించడానికే డిపార్టుమెంటు బీరువా తాళం తీసి ఇచ్చిన, సిగ్నల్ పట్టే పరికరం తీసుకుని పిట్ట నడిచింది. ఆయన ముందుకు వచ్చేసరికి అది ఆగకుండా కూసింది. అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. పాతికసార్లు చూసిన మ్యాపును మొదటిసారి చూసినట్టయింది.

"సార్, జేబులు చూసుకోండి."

ఎండిన ఆకులు వచ్చాయి, చాక్లెట్ కాగితాలు వచ్చాయి, బొటనవేలికి కట్టిన పాత గుడ్డ వచ్చింది. చివరికి పట్టీ వచ్చింది. కుర్చీల మీద నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే దిగారు.

ఇక పోవడానికి ఏమీ లేదని పిట్టకు తెలిసిపోయింది. సంతకం పోయింది, ఉద్యోగం పోయింది. అందుకే కాబోలు పెద్దావిడ వైపు తిరిగి సూటిగా చెప్పేసింది. "క్షమించండి మేడమ్. ఇన్నాళ్ళూ నేను చూసింది ముంగిసని కాదు. సార్ ని" అంది.

పెద్దావిడ మ్యాపు మీంచి చూపు తిప్పలేదు. చిత్తడి నేల ఒడ్డున గుత్తిగా ఉన్న చుక్కల దగ్గరికి వెళ్ళి వేలు పెట్టారు. ఆ చోటును ఎవరో లారీలతో మట్టి పోయించి పూడుస్తున్నారని, ఎవరో తెలియక తమవాళ్ళు తిరగని ఆఫీసు లేదని చెప్పారు. "రోజూ ఇక్కడ ఏం చేస్తుంటారు ప్రొఫెసర్ గారూ?"

ఆయన ముందు పిట్ట వైపు తిరిగి, "తీసెయ్యమన్నాను కదా" అని గొణిగారు. తరువాత గొంతు సవరించుకుని, అదొక సుదీర్ఘ పరిశీలన అనబోయారు. ఆయన తడబడటం చూసి వెనక వరసలో ఒక మనిషి మనసు ఆగలేదు. మంచి ఖాతాదారుణ్ణి నలుగురిలో నిలదీస్తుంటే బాబాయి చూస్తూ కూర్చునే రకం కాదు. లేచి నిలబడ్డాడు.

"సార్ చాలా మంచివారండి. అక్కడ సొంత ఇల్లు కట్టుకుంటున్నారంతే. సిమెంటంతా మా కొట్లోనే. స్లాబు దాకా వచ్చేసింది."

పెద్దావిడ పట్టీని పిట్ట చేతిలో పెట్టారు.

"చిత్తడి నేలకి ఏ జంతువులు వస్తాయో చెప్పేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారమ్మా. ఏ జంతువు పాడుచేస్తోందో పట్టుకున్నది నువ్వొక్కదానివే. సోమవారం వచ్చి చేరు."

సోమవారం అనేసరికి బాబాయి ఏదో అనబోయి కూర్చున్నాడు. పిట్ట కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆక్రమణను పట్టించింది తనేనని బాబాయి అందరికీ చెప్పుకుంటున్నాడు, అది అబద్ధమూ కాదు. విశ్వవిద్యాలయం ఊరుకోలేదు. జరిగినదాని మీద విచారణ సంఘం వేసింది. ఆ స్థలం గురించి అందరికంటే బాగా తెలిసినవారు కాబట్టి దానికి ప్రొఫెసరు గారినే అధ్యక్షుణ్ణి చేసింది.

ఉద్యోగంలో పిట్ట మొదటి పని ఆ ఇంటిని కూలగొట్టించడం. మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. స్లాబు కింద పేర్చిన ఇటుకల సందులోంచి ఎడమ చెవి కొన తెగిన ముంగిస ఒకటి కోపంగా తల బయటపెట్టింది. దాని వెనక పిల్లలున్నాయి. పిల్లలు పెట్టిన అడవిజంతువు ఉన్న చోట అవి పెద్దవై వెళ్ళేదాకా కట్టడానికీ వీల్లేదు, కూల్చడానికీ వీల్లేదు. క్లాసులో చెప్పని ఆ నియమం ప్రొఫెసరు గారి పాత వ్యాసంలోనే ఉంది. ఇల్లు పూర్తి కాలేదు గానీ, గృహప్రవేశం మాత్రం అయిపోయింది.