పానకాలు కుందేలు మెడ కింద ముల్లు

ఒక పెద్ద అడవిలో, సభలు పెట్టుకుని తీర్మానాలు చేసుకునేటంత పెద్ద అడవిలో, మద్దివాగు దగ్గర ఒక చిరుత ఉండేది. దానికి ఆకలి వేయడం సహజం. మిగతావాళ్ళకు బతకాలని ఉండడమూ సహజం. ఈ రెండింటి మధ్య అప్పికొండ అనే కొండముచ్చు ఉండేవాడు.

అప్పికొండ చెట్టు చివర కూర్చుని చుట్టూ చూసేవాడు. చిరుత కదిలితే గట్టిగా అరిచేవాడు. కింద ఉన్నవాళ్ళు పరుగెత్తేవాళ్ళు. పొదల్లో చిరుత వాసన తగిలితే దుప్పులు నేలను కాలితో కొట్టేవి, అప్పుడు కొండముచ్చులు పై కొమ్మకు ఎక్కేవి. ఇందుకు జీతం లేదు, ఎవరూ ఎవరికీ రాసిచ్చింది లేదు. తాతల నాటి నుంచి అలా నడిచింది. చిరుతకు పది రోజులకు ఒకసారి తిండి దొరికితే గొప్ప.

ఒకనాడు పానకాలు అనే కుందేలుకు బావమరిది అయినవాడు, అరుపు విని కూడా, నోట్లో ఉన్న గడ్డి పూర్తిచేసి పరుగెడదాం అనుకున్నాడు. గడ్డి పూర్తి కాలేదు.

మర్నాడు సభ కూడింది. అధ్యక్షుడు ఎలుగుబంటి కునుకు తీస్తున్నాడు కాబట్టి సలహాదారు వరహాలు నక్క మాట్లాడాడు. ఈ వరహాలు చిరుత తినగా మిగిలింది తిని బతికేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. చిరుత గురించి అంత దగ్గరగా తెలిసినవాడు మరొకడు లేడని అతన్నే సలహాదారుగా పెట్టుకున్నారు.

ఒకడు అరవడం, వందమంది పరుగెత్తడం పాతకాలపు పిరికితనం అన్నాడు వరహాలు. ఎవరి ప్రాణం వాళ్ళ చేతిలో ఉండాలన్నాడు. ప్రతివాడూ ఒక ఏదుముల్లును రోజూ ఒంటిమీద దాచుకుని తిరగాలి. పైకి కనిపిస్తే పక్కవాడు బెదురుతాడు కాబట్టి కనిపించకూడదు. సభ చప్పట్లు కొట్టింది.

ఏదుపంది ఒక్కడే లేచాడు. "నా ముళ్ళు నేను దాచను. చూసినవాడు దూరంగా పోతాడు, నాకు కావలసింది అంతే. దాచిన ముల్లును చూసి చిరుత ఎట్లా భయపడుతుంది?" అని అడిగాడు.

ముళ్ళున్నవాడికి ముళ్ళు లేనివాళ్ళ బాధ తెలియదని అతన్ని కూర్చోబెట్టారు.

వరహాలు ఆ ఏదుపంది గుంత దగ్గర రాలిన ముళ్ళే ఏరుకొచ్చి దుకాణం తెరిచాడు. మొదట వెళ్ళినవాడు పానకాలు. అతని పొదలో ఇంకా పరుగు రాని పిల్లలు ముగ్గురు ఉన్నారు. వాళ్ళను కాపాడుకోవాలని అతని తపన. అందులో తప్పు లేదు. తప్పు దుకాణంలో మొదలైంది.

"పొడుగుది లోతుగా దిగుతుంది. కానీ నీ ఒంటికి దాగదు," అన్నాడు వరహాలు. "పొట్టిది చూడు. చక్కగా దాగుతుంది."

"దిగుతుందా?"

"దాగుతుంది అంటున్నాను కదా."

చంక కింద కట్టుకుంటే పానకాలు గెంతలేకపోయాడు. తొడకు కట్టుకుంటే కూర్చోలేకపోయాడు. వీపుకు కట్టుకుంటే చెయ్యి అందలేదు. చివరికి మెడ కింద బొచ్చులో నారతో కట్టించుకున్నాడు. తల వంచి గడ్డి మేయడం మాత్రం కుదరలేదు. ప్రాణం కంటే గడ్డి ఎక్కువా అన్నాడు వరహాలు. రోజూ వందసార్లు తీసి, పెట్టి, చెయ్యి తిప్పుకోమన్నాడు.

పక్కనే గవరయ్య దుప్పి ముల్లు బేరం చేస్తున్నాడు. అతని నెత్తిమీద రెండు మూరల కొమ్ములు ఉన్నాయి. "నీకెందుకు బావా ఇది?" అని పానకాలు అడిగాడు.

"కొమ్ములు అందరికీ తెలిసినవే. మర్యాదస్తుడన్నాక ఎవరికీ తెలియనిది ఒకటి ఉండాలి," అని గవరయ్య గుట్టుగా చెప్పాడు. ఎక్కడ దాచాడో కూడా చూపించాడు. సాయంత్రానికి వాగు పొడవునా అందరికీ చూపించాడు.

ముల్లుకు అనుమతి పత్రం కావాలి. అందులో ఎవరివల్ల ప్రాణభయమో రాయాలి. పానకాలు చిరుత అని చెప్పాడు. వరహాలు తల అడ్డంగా ఊపాడు.

"చిరుత వల్ల అందరికీ భయమే. అందరికీ ఉన్న భయానికి అనుమతి ఇవ్వరు. నీకంటూ ఒక శత్రువు ఉండాలి. పేరు, ఉండే చోటు, చేసిన అపకారం రాయాలి."

"నాకు అట్లాంటివాళ్ళు ఎవరూ లేరు."

"ఇంత వయసొచ్చి ఒక్క శత్రువును సంపాదించుకోలేకపోయావా? ఇంటికెళ్ళి ఆలోచించుకుని రా."

పానకాలుకు సిగ్గేసింది. అక్కడే నిలబడి ఆలోచించాడు. నిరుడు ఎండాకాలంలో అప్పికొండ కొరికి పారేసిన నేరేడుపండు తన నెత్తిమీద పడింది. పైనుంచి అప్పికొండ నవ్వాడు కూడా. అదే రాయించాడు. రాసినదాన్ని వరహాలు ముందు మూడుసార్లు చదవాలని నియమం. మొదటిసారి చదివినప్పుడు పానకాలుకు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. మూడోసారి చదివేసరికి అదంతా నిజమే అనిపించింది.

నెల తిరిగేసరికి అడవిలో అందరి దగ్గరా పత్రాలు ఉన్నాయి. ప్రతి పత్రంలో ఒక పొరుగువాడి పేరు ఉంది. ఎవరి పేరు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. వాగు దగ్గర నీళ్ళు తాగుతూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. పొదల వైపు చూడడానికి ఎవరికీ తీరిక లేదు. దుప్పులు కాలు కొట్టడం మానేశాయి. పొరుగువాళ్ళను హెచ్చరిస్తే శత్రువుకు సాయం చేసినట్టని గవరయ్య వాదన.

పానకాలు భార్య నూకాలు మాత్రం మొగుడిని ఒకటే అడిగింది. "అప్పికొండన్న పలకరిస్తే మెడ తడుముకుంటున్నావు. పలకరింపుకు ముల్లు ఎందుకయ్యా?"

రక్షణ సంగతులు ఆడవాళ్ళకు తెలియవని పానకాలు చెప్పి, మరో వందసార్లు చెయ్యి తిప్పుకున్నాడు.

ఒక ఉదయం చిరుత పానకాలు పొద వెనక పొంచి కూర్చుంది. అప్పికొండ చూసి అరిచాడు. పానకాలు కదలలేదు. తనను బయటికి రప్పించడానికే శత్రువు అరుస్తున్నాడని అతనికి గట్టి నమ్మకం. అప్పికొండ మళ్ళీ అరిచాడు. పానకాలు మరింత ముడుచుకున్నాడు.

అప్పికొండ పైనే ఉండిపోవచ్చు. పిల్లలకు పరుగు రాదని అతనికి తెలుసు. చెట్టు దిగి, పొదలో దూరి, వెనకనుంచి పానకాలు భుజం పట్టి ఊపాడు.

"పానకాలూ, పిల్లల్ని తీసుకో."

నెల రోజులుగా తిప్పిన చెయ్యి చాలా చురుగ్గా కదిలింది. ఆ పొట్టి ముల్లు దిగదేమో అనుకున్నాం కదా, అప్పికొండ గొంతులో చక్కగా దిగింది.

అప్పుడు పొద అవతలి నుంచి చిరుత లోపలికి వచ్చింది. పానకాలు మెడ తడుముకున్నాడు. అక్కడ నార మాత్రమే ఉంది. నూకాలు ఒక పిల్లను నోట కరుచుకుని బయటపడింది. తక్కిన ఇద్దరు పిల్లలు మిగలలేదు.

సభ విచారణ జరిపింది. అప్పికొండ బతికాడు గానీ గొంతు పోయింది. సాక్ష్యం చెప్పమంటే చెప్పలేకపోయాడు. అతనికి చెప్పుకోవడానికి ఏమీ లేదని రాసుకున్నారు. పానకాలు పత్రం తెచ్చి చూశారు. శత్రువు పేరు అప్పికొండ. పొదలోకి చొరబడినవాడూ అప్పికొండే. ఇంత ముందుచూపు ఉన్నవాడు అడవిలో లేడని పానకాలుకు దండ వేశారు. చిరుత ప్రస్తావన రాలేదు. అది ఏ పత్రంలోనూ లేదు.

"నా పిల్లలు..." అని పానకాలు మొదలుపెట్టాడు.

"నిజమే," అన్నాడు వరహాలు. ఈ మధ్య అతను బాగా ఒళ్ళు చేశాడు. "ఒక్క ముల్లు చాలదని తేలిపోయింది. ఇక మీదట మనిషికి రెండేసి అన్నట్టు, జంతువుకు రెండేసి."

నూకాలు మిగిలిన పిల్లను తీసుకుని ఏదుపంది గుంత వైపు వెళ్ళిపోయింది. పానకాలు ఆమె వెనక నాలుగడుగులు వేశాడు. తర్వాత మెడలో దండ సర్దుకుని, దుకాణం ముందు వరుసలో నిలబడ్డాడు.

నీతి: కాపలావాడి గొంతు ముందే తీసేస్తే, చిరుత వచ్చేదాకా అందరూ ధైర్యంగా ఉండవచ్చు.