ఒకటికి రెండు జాగ్రత్తలు

పొద్దున ఎనిమిది గంటల బస్సుకు మార్కాపురం పోయి, ఆ మాత్రేదో కొనుక్కుని, మధ్యాహ్నం భోజనానికి గిద్దలూరు తిరిగొచ్చేయాలన్నది మురళీధర్ ఆలోచన. దుకాణానికి స్టీలుసామాన్లు చూసొస్తానని భార్య హరితకు చెప్పాడు. పది నెలల పాపకు ఉగ్గు పెడుతున్న ఆమె అతని మొహం వంక ఒకసారి చూసి, సరేనంది.

నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పాప పెద్దాపరేషన్‌తో పుట్టింది. రెండేళ్లదాకా మళ్లీ కడుపు రాకుండా చూసుకోవాలని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆ భయంతోనే అతను ఎరువుల దుకాణం ఫణికృష్ణ బావను సలహా అడిగాడు. ఒక్క నిరోధ్‌ను నమ్మడానికి లేదు, ఒకదాని మీద ఒకటి రెండు తొడుక్కుంటే ఢోకా ఉండదన్నాడు బావ. ఎప్పుడో కొని పర్సులో దాచుకున్నవి రాత్రి అట్లాగే వాడాడు. రెండూ చిరిగిపోయాయి.

ఇట్లాంటప్పుడు వేసుకునే మాత్ర ఒకటుందని, ఆలస్యం చేయకూడదని విన్నాడు గానీ పేరు తెలియదు. గిద్దలూరులో ఏ మందుల షాపుకు పోయినా వరసైనవాళ్లే. అతను ఇల్లు చేరేలోపే కబురు అమ్మకు చేరుతుంది.

కంభంలో సావిత్రి పిన్ని బస్సెక్కి, సరిగ్గా అతని పక్కనే కూర్చుంది. ఆ చెమటలేందని అడిగింది. కడుపులో నొప్పి అన్నాడు మురళీధర్.

"మీ చిన్నాయనకూ మొదట కడుపులోనే వచ్చింది నాయనా. అది కడుపు కాదు, గుండె."

ఆమె పట్టుకున్న చెయ్యి మార్కాపురం దాకా వదల్లేదు. మందుల షాపు దగ్గర అతను ఆగబోతే, మాత్రలతో పోయేది కాదిదని ఆటో ఎక్కించింది. ఆటోలోనే అతని అమ్మకు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో నర్సు సంతోషమ్మ బీపీ చూస్తే నూట డెబ్భై ఉంది. ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. పడుకున్నంతసేపూ మురళీధర్ రాత్రి నుంచి ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. కళ్లు మూస్తే హరిత మళ్లీ ఆపరేషన్ బల్ల మీద కనిపించింది.

ఈసీజీలో ఏమీ లేదన్నారు. సిగ్నల్ అందక పిన్ని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లగానే, అతను సంతోషమ్మకు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. ఆమె నవ్వలేదు.

"రెండేసుకోమని ఎవరు చెప్పినారు తమ్ముడూ?"

"మా బావ. ఎరువుల దుకాణం."

"ఎరువుల సంగతి ఆయన్ను అడుగు. ఒకదానికొకటి రాసుకుని రెండూ చిరుగుతాయి. సరిగ్గా వాడితే ఒకటే చాలు. పర్సులో పెడితే వేడికి చెడిపోతాయి. తేదీ అన్నా చూసినావా?"

"దానికి తేదీ కూడా ఉంటదా అక్కా?"

ప్యాకెట్ మీద తేదీ ఎక్కడుంటుందో ఆమె చెప్పింది. తర్వాత, మాత్ర మూడు రోజుల్లోపు వేసుకోవాలనీ, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదనీ, పాలిచ్చే తల్లి కాబట్టి ఇక్కడి డాక్టరమ్మతో ఒక మాట చెప్పి ఇప్పిస్తాననీ, భార్యను పిలిపించమనీ చెప్పింది.

పిలిపించే పని లేకపోయింది. అప్పటికే గిద్దలూరు నుంచి కారులో అమ్మ, చంద్రశేఖరరావు మామ, పాపను ఎత్తుకుని హరిత దిగారు. హరిత మొహంలో నెత్తురు చుక్క లేదు. సంతోషమ్మ మిగతావాళ్లను బయటే ఆపి, ఆమెను లోపలికి పంపి తెర లాగింది. మురళీధర్ తల వంచుకుని మొత్తం చెప్పాడు.

"నాకు తెలీదనుకున్నారా? నేనూ ఆడనే ఉన్నా గదా" అంది హరిత.

అతను బస్సెక్కిన గంటకే ఆమె ప్రభుత్వాసుపత్రికి నడిచిపోయి, అక్కడి సిస్టర్‌ను అడిగి మాత్ర వేసుకుని వచ్చింది. పొద్దున్నే చెబుదామనుకుంటే, సరుకని ఈయన పరుగెత్తాడు. తర్వాత గుండెపోటని ఫోన్ వచ్చింది.

"నన్ను ఒక మాట అడిగుంటే పోయేది" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. అతను పాపను ఒళ్లోకి తీసుకున్నాడు.

గంట తర్వాత చూస్తే బీపీ మామూలుగా ఉంది. ఇంటికి వెళ్లొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అంతదూరం కారేసుకుని వచ్చిన చంద్రశేఖరరావు మామ మాత్రం, ఒక్క సెలైనన్నా ఎక్కించకుండా మనిషిని తీసుకుపోయేది లేదని వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.