పోలికకు అందని జీతం

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే: తన జీతం పెంచమని పై అధికారిని అడగడం. ప్రభుత్వంలో ఆయన జీతాలు పోల్చే అధికారి. ప్రభుత్వ డ్రైవరును ప్రైవేటు డ్రైవరుతో, ప్రభుత్వ నర్సును ప్రైవేటు నర్సుతో పోలుస్తాడు. అదే పనికి బయట ఎక్కువ ఇస్తుంటే ఇక్కడా పెంచమని రాస్తాడు. ఆయన రాసిన రాతకు చాలామంది జీతాలు పెరిగాయి, ఆయనది తప్ప.

"కప్పు మళ్లీ కారుతోందండీ," అంది భార్య, మంచం మీద పెట్టిన గిన్నెలోని నీళ్లు పారబోస్తూ. "అక్కడ మా బావగారు మేడ మీద మేడ వేస్తున్నారు."

"ఆయనది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. ఆయనకీ నాకూ పోలికేమిటి?"

"పోల్చడమేగా మీ ఉద్యోగం!"

పై అధికారి సానుభూతితో విన్నాడు. "బయట మీ పని చేసేవాణ్ని ఒక్కణ్ని చూపించండి. పోలిక లేనిదే పెంచకూడదన్న నిబంధన రాసింది మీరే కదండీ."

వెతికితే అలాంటివాడు ఒక్కడూ దొరకలేదు. ఇంట్లో చెప్పకుండా ఆయన, ఆ మేడల తోడల్లుడు మేనేజరుగా ఉన్న సబ్బుల కంపెనీకి వెళ్లాడు.

"పేరుకి నాలాంటి ఉద్యోగం ఒకటి సృష్టించండి అన్నయ్యా. జీతం దండిగా చూపించండి. మనిషి అక్కర్లేదు, కాగితం చాలు."

"నీకోసం ఆమాత్రం చేయలేనా తమ్ముడూ!"

కాగితం యజమాని బల్ల మీదికి వెళ్లింది. ఆలోచన ఆయనకు అమితంగా నచ్చింది: పక్క కంపెనీలు తక్కువ ఇస్తున్నాయని తేలితే తానూ తగ్గించవచ్చు. జీతం అంకె కొట్టేసి, మన అధికారి జీతంలో సగం వేసి, నిజంగానే మనిషి కావాలని ప్రకటన ఇచ్చాడు.

"కంగారుపడకు," అన్నాడు తోడల్లుడు ఫోనులో. "ఆ జీతానికి ఎవరొస్తారు? ఎవరూ రాకపోతే పెంచక చస్తాడా?"

ఆ తర్కంలో అధికారికి లోపం కనిపించలేదు. వారం తిరక్కుండా ఫోను మళ్లీ మోగింది.

"ఒకావిడ వచ్చింది తమ్ముడూ. ఎవరి జీతమెంతో, ఎవరికంటే ఎవరిది ఎంత తక్కువో కాగితం చూడకుండా గడగడా చెప్పేసింది. ఆపబోతే నాదీ చెప్పింది. యజమాని అక్కడికక్కడే తీసేసుకున్నాడు."

"ఎవరావిడ?"

"ఇంకెవరు, మా మరదలు. మీ ఆవిడే!"

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కొత్త సంచీ సర్దుకుంటోంది. "ప్రకటన చూశానండీ. పని తెలిసిందే కదా అని వెళ్లాను. ఏం, మీకిష్టం లేదా?"

ఆయన మంచం మీది గిన్నె తీసుకుని నీళ్లు పారబోయడానికి వెళ్లాడు.

మర్నాడు పై అధికారి సంతోషంగా పిలిచాడు. "దొరికారటగా మీకు జోడీ! రాయండి మరి."

ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన ఏ అంకెనూ అబద్ధంగా రాయలేదు. ఈసారీ ఉన్నదే రాశాడు: పని ఒకటే, బయటి జీతం ఇందులో సగం. బయటి జీతం ఈయన జీతాన్ని అందుకునేదాకా పెంపు నిలిపివేయాలని ఉత్తర్వు వెలువడింది.

ఆవిడ మొదటి జీతంతో కప్పు బాగైంది. ఇప్పుడు ఎంత వాన పడినా పడకగది పొడిగానే ఉంటోంది. ఆవిడ పోలిక పని సాయంత్రం దాకా కంపెనీలో జీతానికి, ఆ తర్వాత ఇంట్లో ఉచితంగా సాగుతోంది.